వరద తీసిన రోజు నుంచి

మా శాఖలో కొత్తగా చేరిన ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు ఈ మధ్య అమలాపురంలో మా ఇంటికి వచ్చి, ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. కూర్చున్నంతసేపూ తిప్పి తిప్పి ఒకటే అడిగారు: "తనిఖీ గడువులోగా అవకపోతే ఏమవుతుందండి?"

"గడువులోగా అయిపోతే ఏమవుతుందో అడగండి" అన్నాను.

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముసలాయనకు మతి కాస్త అటూ ఇటూ అయిందనుకుని ఉంటారు. ఆ రోజు వాళ్లకు సరిగ్గా చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ రాస్తున్నాను.

నా పని నీళ్లు చూడటం. అమలాపురం, రాజోలు, కొత్తపేట తాలూకాల్లో తాగే నీళ్లున్న ప్రతి చోటూ, ఆ నీళ్లను పాడు చేయగల ప్రతి చోటూ నా కిందికే వచ్చేవి. బావులు, పంట కాలువలు, ఐసు ఫ్యాక్టరీలు, పీచు తీయడానికి కొబ్బరి డొక్కలు నానబెట్టే గుంటలు, బండారులంకలో నూలుకు రంగులద్దే తొట్లు, ఎరువుల కొట్లు అన్నీ చూసేవాణ్ణి. నీళ్లు సీసాల్లో పట్టి, ఐసు పెట్టెలో సర్ది, ముక్తేశ్వరం రేవులో పంటు మీద ఏరు దాటించి కాకినాడ ప్రయోగశాలకు పంపేవాణ్ణి. జనం నన్ను "నీళ్ల ఇన్‌స్పెక్టరు గారు" అనేవారు. ఆ పిలుపు నాకు భలే ఇష్టంగా ఉండేది.

ఈ ఉద్యోగం నాకు అన్నం పెట్టింది. అంతకంటే ఎక్కువగా నన్ను ఉర్రూతలూగించింది. గోదావరికి ఎర్రనీళ్లు తగిలాయని తెలిస్తే నా కాళ్లు ఇంట్లో నిలిచేవి కావు. ఇప్పటికీ ఏటిగట్టు మీద ఆ కొత్త నీటి వాసన తగిలితే గుండె దడదడలాడుతుంది. ఆ ఉత్సాహాన్ని తప్పని అనను. కానీ దాని పక్కనే నాలో తొందర కూడా ఉండేది. ఆ రెండింటికీ తేడా తెలుసుకోవడానికి నాకు రెండు వరదలు పట్టింది.

మొదటి వరద

డెబ్భైల చివర్లో ఒక వరద వచ్చింది. కలెక్టరు గారు వరద అత్యవసర పరిస్థితి ప్రకటించారు. అప్పటికి మాకొక ప్రభుత్వ ఉత్తర్వు ఉండేది. అలాంటి ప్రకటన వెలువడిన వారం లోపల, ముంపు గ్రామాల్లోని తాగునీటి బావుల్నీ ప్రమాదకరమైన సరుకులుండే కొట్లనూ తనిఖీ చేసి నివేదిక పంపాలి. మిగతా చోట్ల ఇన్‌స్పెక్టర్లు పడవలు దొరక్క, దారులు లేక తలలు పట్టుకున్నారు. నాకు పడవ దొరికింది. దాన్ని నడిపేందుకు వెంకన్న దొరికాడు.

వెంకన్నది వైనతేయ పాయలో ఒక లంక. ఊరి పేరు రాయను, అక్కడి వాళ్లు ఇంకా ఉన్నారు. లంక అని మాత్రం అంటాను. నా ఈడువాడే. గెడ పట్టి నిలబడితే పడవ అతని మాట వినేది. సుడి కనిపించగానే "కూకోండి బాబూ, కూకోండి! లేచేరంటే ఇద్దరం అంతర్వేది దగ్గర తేలతాం" అని కేకేసి నవ్వేవాడు. నాకేమో లేచి నిలబడి అంతా చూడాలని ఆత్రం. లేత కొబ్బరిచెట్ల మొవ్వుల మధ్యగా పడవ పోతోంది! పశువుల పాకల కప్పుల మీద కోళ్లు కూర్చున్నాయి! అలాంటి దృశ్యం చూస్తూ జీతం తీసుకునే ఉద్యోగం ఇంకొకటి ఉందా అనిపించింది.

లంకలో ఊరి మంచినీటి బావి ఒరల మీదుగా నీళ్లు పోతున్నాయి. పడవలోంచి వంగి, తాడు కట్టిన సీసాను బావి ఉండాల్సిన చోట దింపి నీళ్లు పట్టాను. బావికి కూతవేటు దూరంలో బుల్లబ్బాయి గారి పురుగుమందుల కొట్టు ఉంది. ఆయన లంకలో పెద్ద రైతు, వరి, కొబ్బరి పండించేవారు. రైతులకు ఎండ్రిన్, పొడి మందులు అమ్మేవారు. కొట్టు తలుపులు వేసి ఉన్నాయి, సరుకును అటక మీదికి ఎక్కించారట. పడవను ఆ గోడ చుట్టూ తిప్పించి చూశాను. కారుతున్న డబ్బా ఒక్కటి కూడా కనపడలేదు.

"దిగి చూస్తారా బాబూ?" అన్నాడు వెంకన్న.

"ఈ నీళ్లలో దిగి ఏం చూస్తాం వెంకన్నా? ఇంకా ఆరు ఊళ్లున్నాయి. పద పద!"

అలా వారం గడవకుండానే నా ముంపు గ్రామాలన్నీ ముగించాను. జిల్లాలో అందరికంటే ముందు నా నివేదిక చేరింది. కాకినాడ నుంచి ఫలితం కూడా బాగానే వచ్చింది. ఎందుకు రాదు? నేను పట్టింది బావి నీళ్లు కాదు, ఏరు. అంత గోదావరి కలిశాక అందులో ఏ విషమైనా కనపడకుండా పోతుంది. పైగా ఆ సీసాలో క్రిముల కోసం, ఉప్పు కోసం వెతకమన్నానే తప్ప పురుగుమందు కోసం చూడమని నేను రాయలేదు. ఇవన్నీ నాకు తెలియనివి కావు. పడవ ఎక్కిన ఉషారులో అవి నాకు గుర్తు రాలేదు.

బావి తోడించాను

మా లంకల్లో ఒక ఆనవాయితీ ఉంది. వరద తీసిన తర్వాత, అంటే నీళ్లు దిగిపోయాక, ఊరి బావిని అడుగంటా తోడతారు. పెద్ద సందడిగా ఉంటుంది. మగవాళ్లు వరసగా నిలబడి చేద అందుకుంటుంటే, వదినలు మరుదుల మీద బురదనీళ్లు కుమ్మరిస్తారు. ఒకరు లోపలికి దిగి ఒండ్రు తీస్తారు. తర్వాత సున్నం వేసి కొత్త ఊటను పైకి రానిస్తారు. మా శాఖ కూడా అదే చెప్పేది, ఇంకాస్త గట్టిగా: మూడుసార్లు తోడి, ఆపైన బ్లీచింగ్ వేయాలని.

నేను లంకకు మళ్లీ వెళ్లలేదు. తనిఖీ అయిపోయింది కదా! బావి మూడుసార్లు తోడి వాడుకోవచ్చని కబురు పంపి ఊరుకున్నాను.

లోపలికి దిగి ఒండ్రు తీసింది వెంకన్న. మూడుసార్లూ అతనే దిగాడు.

నాకు తెలియనిది, తెలుసుకోవాలంటే దిగి చూడాల్సింది ఒకటుంది. బుల్లబ్బాయి గారి కొట్టు వెనుక గోతిలో పాడైన మందుల డబ్బాలు పూడ్చి ఉన్నాయి. అప్పట్లో అందరూ చేసే పనే అది, ఎవరూ తప్పనుకునేవారు కాదు. వరద బరువుకు డబ్బాలు చితికాయి. మందు ఇసక నేలలోకి దిగింది. బావి నిండుగా ఉన్నంతకాలం అది ఉన్నచోటే ఉండేదేమో. బావిని ఖాళీ చేస్తే చుట్టూ నేలలో ఉన్న నీరంతా బావిలోకి పరుగెత్తి వస్తుంది. ఒకసారి తోడితే ఒక మోతాదు లాగుతుంది. నేను మూడుసార్లు లాగించాను.

వెంకన్నకు మర్నాడే మూర్ఛలు వచ్చాయి. ఇంకో నలుగురికి వాంతులు, వణుకు. అమలాపురం ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు, ఎండ్రిన్ తాగి వచ్చేవాళ్లను చూసి చూసి ఉన్నవాడు, ఆ వణుకును గుర్తుపట్టి అందరి ప్రాణాలూ నిలబెట్టాడు. కానీ వెంకన్నకు మూర్ఛ అప్పుడప్పుడు తిరగబెడుతూనే ఉండేది. "నీటి మీద ఉండగా వస్తే మనిషి దక్కడు. ఇక ఒంటరిగా పడవ ఎక్కకూడదు" అన్నాడు డాక్టరు.

నేను ఆసుపత్రికి వెళ్లాను. వెంకన్న భార్య సూరమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. ఆ మర్యాదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

"తవరు చూసేరు కదండీ బావి?" అంది.

"చూశానమ్మా."

"బాగుందన్నారంటండి."

"అన్నాను."

"మరి చూసేరు కదండీ" అని మళ్లీ అదే మాట అంది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అర్థం కాక అడిగింది.

గోతిని తవ్వించి డబ్బాలు తీయించాం. బావికి కొంతకాలం తాళం వేశాం. బుల్లబ్బాయి గారు జరిమానా కట్టారు. నాకు మాత్రం ఏమీ కాలేదు. నా మీద ఏ తప్పూ రాయడానికి వీల్లేకుండా తనిఖీ గడువు లోపలే జరిగింది.

హైదరాబాదు గది

మా పెద్ద ఇంజనీరు గారి గురించి రెండు మాటలు చెప్పాలి. చెడ్డవారు కాదు. లంచం ముట్టరు, తలబిరుసు లేదు. కానీ పని ఎలా జరిగిందని ఆయన ఎన్నడూ అడగగా నేను వినలేదు, ఎప్పటికి అయిందని మాత్రమే అడిగేవారు. అలాంటి పై అధికారి కింద నాలాంటి తొందర మనిషి వెలిగిపోతాడు. నేను వెలిగాను.

ఎనభైల మొదట్లో ఆ పాత ఉత్తర్వును చట్టం చేయాలని ప్రభుత్వం తలపెట్టింది. అత్యవసర పరిస్థితి పేరు చెప్పి కొందరు అధికారులు ఐసు ఫ్యాక్టరీలూ మిల్లులూ నెలల తరబడి మూయించి, తెరవాలంటే చేయి చాచేవారు. దాన్ని ఆపాలన్నది ఉద్దేశం. ఆ ఉద్దేశంలో వంక పెట్టడానికేమీ లేదు. అందుకని ముసాయిదాలో ఇలా రాశారు: ప్రకటన వెలువడిన వారంలోగా తనిఖీ పూర్తవాలి, అవకపోతే మూసివేత ఉత్తర్వు దానంతట అదే రద్దయిపోతుంది.

శాసనసభ్యుల సంఘం ఒకటి దాన్ని పరిశీలిస్తోంది. వారం సరిపోతుందా అని వాళ్లకు అనుమానం. దాన్ని తీర్చడానికి పెద్ద ఇంజనీరు గారు నన్ను వెంటబెట్టుకు వెళ్లారు. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ పక్కన కూర్చుని, చట్టం చేసే గదిలో నా మాట వినపడబోతోందని పొంగిపోయాను. మా ఆవిడ ఇస్త్రీ చేసిచ్చిన తెల్ల చొక్కా నలగకుండా సూటిగా కూర్చున్నాను.

"ఈయన కోనసీమ నుంచి వచ్చారండి" అన్నారు ఇంజనీరు గారు సంఘంతో. "మొత్తం ముంపు గ్రామాల్ని వారం కాకముందే చుట్టేశారు. లంకల్లోనే వీలైతే మిగతా చోట్ల ఎందుకు కాదు?"

అందరూ నన్ను మెచ్చుకోలుగా చూశారు. వారిలో రాయలసీమ సభ్యుడు ఒకాయన ఉన్నారు. పెద్దగా చదువుకున్న మనిషిలా లేరు, బీడీ ఆరిపోయినా వేళ్ల మధ్యే పెట్టుకుని ఉన్నారు.

"మాది నీళ్లు లేని సీమ. నాకు తెలీక అడుగుతాండా. ఆ వారంలో మీ ఊళ్లల్లో నీళ్లు పోతాయా? నీళ్లు నిలబడుంటే మీరు చూసేది ఏంది?"

అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. వరద ఎన్నడూ చూడని మనిషి అడిగాడు. వెంకన్న మంచం, సూరమ్మ మాట, సీసాలో పట్టిన ఏరు, అన్నీ ఒక్కసారి నా నోటి దాకా వచ్చాయి. ఇంజనీరు గారు నా వైపే చూస్తున్నారు. మెచ్చుకోళ్లు ఇంకా గదిలో వేడివేడిగా ఉన్నాయి.

"పెద్ద ఇబ్బంది ఉండదండి" అన్నాను.

ఆయన ఆరిన బీడీని చూసుకుని, "అయితే సరే" అన్నారు. ముసాయిదా అలాగే చట్టమైంది.

నా ఉద్యోగంలో చేసిన పొరపాట్లు చాలా ఉన్నాయి. పడవలోంచి దిగకపోవడం పొరపాటు. ఇది పొరపాటు కాదు. తెలిసి అన్నాను.

రెండోసారి

ఎనభైల మధ్య దాటాక ఆ పెద్ద వరద వచ్చింది. కోనసీమలో ఆ వయసు వాళ్లను ఎవరిని కదిపినా చెబుతారు. గట్లు తెగాయి. లంకలో బుల్లబ్బాయి గారి కొట్టు కప్పు దాకా మునిగింది, అందులో ఆ ఏడాది సరుకంతా ఉంది. ఈసారి అటక కూడా కాపాడలేదు.

ప్రకటన రాగానే లంక బావికీ కొట్టుకూ మూసివేత ఉత్తర్వు ఇచ్చాను. ఆ తర్వాత ఎదురుచూపు మొదలైంది. ఏరు ఎంతకీ తగ్గదు. ప్రతి పొద్దునా గట్టు మీద నిలబడి, నీటి మట్టం తెలియడానికి నేను పాతించిన కర్రను చూసేవాణ్ణి. వారం కరిగిపోతోంది, లంక మీద నీళ్లు అలాగే ఉన్నాయి. మిగతా ఊళ్ల తనిఖీలన్నీ చేశాను. లంక మాత్రం చేయనన్నాను. పడవ వేసుకుని వెళ్లి సీసా ముంచితే చట్టానికి చాలు. నాకు చాలదు: ఆ సీసాలో ఏమీ దొరకదు, దాంతో తాళం తీయాల్సి వస్తుంది.

నీళ్లు తగ్గడం మొదలుపెట్టాయి, కానీ అప్పటికి గడువు మర్నాటితో ముగియబోతోంది. లంకవాళ్లంతా గట్టు మీది పాకల్లోంచి ఇళ్లకు తరలడానికి సర్దుకుంటున్నారు. సూరమ్మ చాపలు చుట్టి నెత్తిన పెట్టుకుంటోంది. వెంకన్న ఒక మూలన కూర్చుని ఇద్దరి గిన్నెలూ మూటగడుతున్నాడు.

నన్ను చూసి సూరమ్మ ఆగింది. "ఈసారి ఎన్నిసార్లు తోడమంటారండీ?" అంది.

ఈసారి అది ఎత్తిపొడుపే.

"ఒక్క చేద కూడా తోడకండమ్మా. ముట్టుకోకండి."

"మరి తాగడానికో?"

"పడవలో పంపిస్తున్నాం కదా."

"ఆయ్, పంపుతున్నారండి. ఇంటికి రెండు బిందెలు. పిల్లల ముడ్డి కడగడానికి కూడా చాలవు" అంది. వెనుక ఆడవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఆవిడ చెప్పింది నిజం.

అప్పుడే బుల్లబ్బాయి గారు వచ్చారు, చేతిలో చట్టం కాపీతో. ఆయన దుర్మార్గుడని మీరు అనుకోకండి. వాళ్ల అమ్మగారు కూడా ఆ బావి నీళ్లే తాగేవారు.

"రేపటితో గడువు అయిపోద్దండి ఇన్‌స్పెక్టరు గారూ. ఎల్లుండి నుంచి తాళం చెల్లదు. చట్టంలో ఉంది, ఇదిగోండి" అన్నారు.

"ఉంది."

"మీరే వెళ్లి చెప్పొచ్చేరంట కదండీ, వారం చాలని? పేపర్లో చదివేం. ఊరంతా గొప్పగా చెప్పుకున్నాం, మన ఇన్‌స్పెక్టరు గారని."

వెంకన్న మూట కట్టడం ఆపి నా వైపు చూశాడు. అతనికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

"అదేటి బాబూ?" అన్నాడు. "నాకు అలాగయ్యేక వెళ్లి చెప్పేరా?"

"అవును వెంకన్నా. నీకలా అయ్యాకే."

అతను మూట ముడి గట్టిగా బిగించాడు. ఎల్లుండి ఆ ఇంటి బిందెలోకి ఆ బావి నీళ్లే వెళతాయి. దాన్ని ఆపడానికి నా చేతిలో మిగిలింది ఒక్క రోజు.

ఎండలో వరద

అమలాపురంలో ఆర్డీవో గారి ఆఫీసు ఆ రోజుల్లో తిరునాళ్లలా ఉండేది. బియ్యం బస్తాలు, టార్పాలిన్లు, కేకలు. ఆర్డీవో గారు వయసులో నా కంటే చిన్న, నిద్ర లేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. నేను దారి పొడుగునా చట్టాన్ని చదువుతూనే వచ్చాను. ఆ చదవడంలో నాకొక సందు దొరికింది! గడువు పొడిగించే అధికారం ఎవరికీ లేదు. కానీ ఫలానా ఊరికి మాత్రం అత్యవసర పరిస్థితి ప్రకటించే అధికారం, కలెక్టరు గారి తరఫున ఆర్డీవోకు ఉంది. ఎన్నిసార్లు ప్రకటించవచ్చన్నది చట్టంలో ఎక్కడా లేదు. కొత్త ప్రకటన అంటే కొత్త వారం! ముసాయిదా రాసినవాళ్లకు తట్టనిది నాకు తట్టినందుకు, అంత దిగులులోనూ, మెట్లు రెండేసి ఎక్కాను.

"సార్, లంకకు వరద ప్రకటించాలండి."

ఆయన తల ఎత్తారు. "ఉంది కదయ్యా ప్రకటన."

"మళ్లీ కావాలండి. రేపటి నుంచి. రేపటికి నీళ్లు తీసేస్తాయి."

"నీళ్లు తీసేస్తాయి కాబట్టి వరద ప్రకటించమంటావా?"

"అవునండి."

"ఏమయ్యా, నువ్వు భోంచేశావా?"

పక్కనున్న గుమస్తాలు నవ్వారు. నేను అలాగే నిలబడి అంతా చెప్పాను. నీళ్లు నిలబడినప్పుడు బావిలో ఏమీ దొరకదని, తీశాకే విషం కదులుతుందని, గడువేమో నీళ్లున్నప్పుడే ఖర్చయిపోతోందని. ఆయన కలం కింద పెట్టారు.

"ఇంత మొద్దు చట్టం ఎలా రాశారయ్యా? గోదావరి ముఖం చూసినవాణ్ణి ఒక్కణ్ణి అడిగుంటే సరిపోయేది కదా."

"అడిగారండి."

"ఎవణ్ణి?"

"నన్నేనండి."

గుమస్తాలు తమ కాగితాల్లోకి తలలు దించుకున్నారు. ఆయన తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఎండ కాస్తుంటే వరదేమిటని రేపు హైదరాబాదు వాళ్లు అడుగుతారు. నేను నీ పేరే చెబుతాను. వెళ్లి జవాబు చెప్పుకుంటావా?"

"చెప్పుకుంటానండి. ఈసారి సరిగ్గా చెబుతాను."

ఆయన సంతకం చేశారు.

మర్నాడు లంకలో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. నీళ్లు తీసేశాయి. ఎండ ఫెళ్లుమని కాస్తోంది. ఒండ్రు పెచ్చులు కడుతోంది. జనం పరుపులు ఎండేసుకుంటున్నారు. ఆ ఎండలో టముకు వేసే అప్పన్న ఊరి మధ్య నిలబడి, "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, మన ఊరికి వరద వచ్చిందహో!" అని కేకేశాడు.

జనం పరుపుల మీంచి తలలెత్తి ఎండ వైపు చూశారు. తర్వాత నవ్వు చూడాలి! "ఎక్కడరా అప్పన్నా? నీ గొంతులోనా?" "పరుపులు ఎత్తండర్రోయ్, వరదంట!" అప్పన్నకు కోపం వచ్చి, "నాకేటి తెల్సు? ఆ నీళ్ల ఇన్‌స్పెక్టరు గారినే అడగండి" అని నన్ను చూపించాడు. అందరూ నా చుట్టూ మూగారు. ఎందుకో చెప్పాను. మొదటి వరదప్పుడు నేనేం చేశానో, హైదరాబాదులో ఏమన్నానో, అదీ చెప్పాను. నవ్వులు తగ్గాయి. కానీ ఎవరూ బావి తాళం ముట్టుకోలేదు. బుల్లబ్బాయి గారు కూడా చట్టం కాపీ మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఈసారి పడవలోంచి చూడలేదు. మోకాళ్ల లోతు ఒండ్రులో నడిచాను. కొట్టు నేలను తవ్వించాను. బావిని తోడకుండా నీళ్లు పట్టాను. చుట్టూ గుంటలు తీయించి వాటిలోనూ పట్టాను. పురుగుమందు కోసం చూడమని పెద్ద అక్షరాలతో రాసి, సీసాలను హైదరాబాదు ప్రయోగశాలకు మనిషినిచ్చి పంపాను. కొత్త వారం ముగియకముందే జవాబు వచ్చింది. కొట్టు వైపు గుంటల్లో మందు నిండా ఉంది. అది బావి వైపు కదులుతోంది, బావిలోకి అప్పుడప్పుడే దిగుతోంది. తోడి ఉంటే ఒక్క పూటలో నిండిపోయేది.

ఆ బావిని మట్టితో పూడ్చేశాం. ఊరికి రెండో చివర, మెరక మీద, కొత్త బావి తవ్వారు. కొట్టును బుల్లబ్బాయి గారే లంకలోంచి గట్టు అవతలికి మార్చుకున్నారు.

జవాబు

హైదరాబాదు నుంచి పిలుపు వచ్చింది. పెద్ద ఇంజనీరు గారు అప్పటికి రిటైరయ్యారు. సంఘంలో కొత్త మొహాలు చాలా ఉన్నాయి, ఆ రాయలసీమ పెద్దాయన మాత్రం ఉన్నారు. తెల్ల చొక్కాయే వేసుకున్నాను, కానీ నలిగిపోయినా పట్టించుకోలేదు.

"గతంలో మీరు అడిగిన దానికి నేను అబద్ధం చెప్పానండి" అని మొదలుపెట్టాను. ఎందుకు చెప్పానో, అది ఎవరి మీద పడిందో, ఒకటీ దాచకుండా చెప్పాను. చేతులు తిప్పుతూ, బావి తోడితే నేలలో నీరు ఎలా పరుగెత్తుతుందో బల్ల మీద గ్లాసులతో చూపించాను. ఒక గ్లాసు ఒలికి కాగితాలు తడిశాయి.

పెద్దాయన నవ్వారు. "నీళ్లు లేని సీమోడికి అర్థమైంది లేప్పా. ఏం రాయాల్నో చెప్పు."

"ప్రకటించిన రోజు నుంచి కాదండి. వరద తీసిన రోజు నుంచి లెక్క పెట్టాలి."

అది చట్ట సవరణలోకి ఎక్కింది. నాకు మందలింపు వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది. న్యాయమే.

కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. గడువు మంచిదే. అది లేకపోతే మనలో కొందరు జనాన్ని పీక్కుతింటారు. కానీ గడువు ఏ రోజు నుంచి మొదలవుతుందో నిర్ణయించేవాళ్లు మిమ్మల్ని అడిగే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు మీ బాస్ మొహం చూడకండి.

సవరణ వచ్చిన వార్త చెప్పడానికి లంకకు వెళ్లాను. వెంకన్న రేవులో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. అంతా విని వల పక్కన పెట్టాడు.

"అంటే ఇక మీదట తవరు తొందరగా రారన్నమాట."

"ఆయ్. నీళ్లు తీసేకే వస్తాను."

నేను అతని యాసలో అన్నందుకు నవ్వాడు. తర్వాత ఇసకలో పడి ఉన్న పాత గెడను తీసి నా చేతికిచ్చాడు.

"డాక్టరు గారు ఒంటరిగా ఎక్కొద్దన్నారు గానీ, తోడుంటే ఎక్కొద్దనలేదండి. ఏరు మీదికెళ్లి చాన్నాళ్లయింది. పదండి."

"నాకు గెడ వేయడం రాదు వెంకన్నా."

"నాకొచ్చు కదండీ. చెబుతాను."

అతను ముందు కూర్చున్నాడు, నేను వెనుక నిలబడ్డాను. మొదటి పోటుకే పడవ గిర్రున తిరిగింది. ఒడ్డున సూరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "జాగర్త బాబూ, ఈసారి మిమ్మల్ని కూడా తోడించాల్సొస్తది!" అని అరిచింది. నేను కంగారుగా గెడను ఎడాపెడా గుచ్చుతున్నాను. పడవ వంకరటింకరగా పాయ మధ్యకు చేరింది. వెంకన్న ఒక చేయి నీళ్లలో పెట్టి, వేళ్ల మధ్య నుంచి ఏరు జారిపోతుంటే చూస్తూ కూర్చున్నాడు.

"నెమ్మదండి బాబూ" అన్నాడు, వెనక్కి తిరగకుండానే. "అవతలి ఒడ్డు ఎక్కడికీ పోదు."